మార్కండేయులు గారి సీటు కవర్లు

పొద్దున్నే పేపరు గుమ్మంలో పడగానే మార్కండేయులు ముందు జిల్లా పేజీ తీస్తాడు. దేశం సంగతీ ప్రపంచం సంగతీ ఆయనకు తర్వాత. ఢిల్లీలో ఏం జరిగితే ఆయనకెందుకు? తాడేపల్లిలో నీళ్ళు వస్తున్నాయా, వారధి మీద లారీ ఏదైనా ఆగిపోయిందా, బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరెవరు గుద్దుకున్నారు, అదీ ఆయనకు కావలసింది. పోనీ చదివి ఊరుకుంటాడా? ఊరుకోడు. కలెక్టరు గారు స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చుని సలహా అడిగినట్టు, ప్రతి వార్తకూ పైకి సమాధానం చెబుతాడు.

"కొత్త రోడ్డు వేశార్ట, వారం తిరక్కుండా తవ్వేశార్ట! తవ్వరూ మరి? ముందు పైపులేసి ఆ తర్వాత రోడ్డెయ్యాలని ఎవడికీ తట్టదా?"

"మీకు తట్టిందిగా, చాల్లెండి. ఇక కాఫీ తాగండి, చల్లారిపోతోంది" అంటుంది వంటింట్లోంచి చౌడేశ్వరి.

ఆవిడ విసుక్కున్నట్టే ఉంటుంది గానీ నిజానికి ఆ గొంతు వినబడితేనే ఆవిడకు ప్రాణం కుదుటపడుతుంది. ఎందుకంటే, మధ్యలో కొన్నాళ్ళు ఆ గొంతు వినబడలేదు.

మంగళగిరి నేతగాళ్ళ వీధిలో పుట్టి, మీసాలు రాకముందే మగ్గం గుంటలోకి దిగిన మనిషి మార్కండేయులు. పెళ్ళయినా, కూతురు పుట్టినా, ఊళ్ళో సగంమంది మగ్గాలు తీసి బట్టల షాపుల్లో నౌకరీకి చేరినా ఆయన ఆ గుంట వదల్లేదు. ఆయన నేసిన చీర అంచు చేత్తో తడిమి చెప్పగలిగేవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నారు. చివరికి మోకాళ్ళు మొరాయించాయి. గుంటలోకి దిగితే ఎక్కడం గగనమైపోయింది. డాక్టరు వద్దన్నాడు, కూతురు వద్దంది. మగ్గం మీద పాత దుప్పటి కప్పేశారు.

అప్పుడు మొదలైంది ఫోను. పొద్దు పోవడం కోసం కూతురే కొనిచ్చింది, పాపం. పొద్దు పోవడం ఏమిటి, మనిషే పోయాడు అందులోకి. ఎవడో గరిట పట్టుకుని బిర్యానీ తిప్పుతుంటాడు, ఇంకెవడో కారు మీద నురగ పోసి కడుగుతుంటాడు, ఈయన అలా చూస్తూనే ఉంటాడు. పేపరు వచ్చినా మడత విప్పడు. విప్పినా నోరు విప్పడు. ఇల్లంతా నిశ్శబ్దం. "అరిచినా బాగుండు" అని చౌడేశ్వరి పక్కింటి వాళ్ళ దగ్గర కళ్ళు తుడుచుకుంది కూడా.

అలాంటి రోజుల్లో శ్రీదుర్గ కారు కొంది. శ్రీదుర్గ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని. పెళ్ళి మాటెత్తితే "చూద్దాంలే" అంటుంది, కారు మాటెత్తితే మాత్రం షోరూముకి పరిగెత్తింది.

"బస్సులు లేవా? ఆటోలు లేవా? మనింట్లో కారేమిటే, ఎవరైనా నవ్విపోతారు!" అని మార్కండేయులు చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు. తిట్టడానికైనా విప్పాడు కదా అని తల్లీ కూతుళ్ళు సంబరపడ్డారు.

తీరా కారు వచ్చాక, దుర్గమ్మ కొండ కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాక, మర్నాడు తెల్లారేసరికి పాత పంచె ముక్కతో దాన్ని తుడుస్తున్నది ఎవరనుకున్నారు? ఈయనే. బెల్టు పెట్టుకోకపోతే కారు టింగు టింగుమని మోగేది. "పెట్టుకుంటుంది, ఉండవే! కూర్చోనీ ముందు" అని దాన్ని కసురుకునేవాడు. చెప్పొద్దూ, పదిహేను రోజుల్లో అది ఆయనకు రెండో కూతురైపోయింది.

అంతలో ఎండాకాలం వచ్చిపడింది. బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. ఆఫీసు బయట రోజంతా ఎండలో నిలబడ్డ కారులో సాయంత్రం కూర్చుంటే, ఆ రెక్సిన్ సీటు మీద వీపు అంటుకుపోయేది. "సీటా అది, అట్లపెనమా?" అంటూ శ్రీదుర్గ ఇంటికొచ్చి ఫ్యాను కింద కూలబడేది. మార్కండేయులు వింటూ కూర్చున్నాడు. మూడోనాడు లేచి వెళ్ళి మగ్గం మీది దుప్పటి లాగేశాడు.

"ఏవండీ, మోకాళ్ళూ..." అంది చౌడేశ్వరి.

"మోకాళ్ళున్నది నాకే. నాకు తెలుసు వాటి సంగతి."

గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి గుంటలోకి దిగాడు. కాస్త లావు నూలు, నెమలికంఠం రంగు, రెండు పక్కలా జరీ అంచు. మంగళగిరి గుడ్డంటే అంచు కదా! ఆ అంచు సరిగ్గా సీటు అంచుల మీదికి వచ్చేలా కొలిచి నేశాడు. చౌడేశ్వరి మిషను మీద కుట్టింది. తొడిగేటప్పుడు ఒక్క చిన్న పేచీ వచ్చింది. సీటు పక్కన, తలుపు వైపు, ఒక చిన్న గుడ్డముక్క చీటీ వేలాడుతోంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. మనం చీర మూలన చేనేత గుర్తు కుట్టినట్టే కంపెనీ వాళ్ళు తమ గుర్తు కుట్టుకున్నారు కాబోలు అనుకున్నాడు మార్కండేయులు. చీర కట్టుకునేవాళ్ళు ఆ గుర్తుని బయట పెట్టుకుని తిరుగుతారా? లోపలికి దోపుతారు. ఆయనా అలాగే చీటీని లోపలికి దోపి, దాని మీంచి అంచు బిగించి కుట్టించాడు. అదిరింది. సీటు పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురిలా ఉంది.

శ్రీదుర్గ చూసింది. తలుపు వైపు అంచును ఒకసారి వేలితో తడిమింది. తర్వాత "చాలా బాగుంది నాన్నా" అంది.

ఆ మాటతో మనిషికి ఏనుగెక్కినంత సంబరం. పేపరు మళ్ళీ పైకి చదవడం మొదలెట్టాడు. పక్కింటి హనుమయ్య, బట్టల షాపు ఆసామి, వరసకు బావ, తన పెద్ద కారుకి కూడా అలాంటివే కావాలని పట్టుబట్టి నేయించుకున్నాడు. ఆయన కారు చూసి గుణదల నుంచి సువార్తమ్మ టీచరు కబురు పెట్టింది. ఆవిడ సీట్లకు సరిపడా గుడ్డ అప్పటికి మగ్గం మీద సగంలో ఉంది.

ఇదీ సంగతి, మొన్నామధ్య ఒక బుధవారం పొద్దున దాకా.

ఆ పొద్దున శ్రీదుర్గ తొందరగా బయల్దేరింది. మధ్యాహ్నం భోజనం కాగానే ఆఫీసు పని మీద కారులోనే ఏలూరు వెళ్ళాలి. ఆమె వెళ్ళిన కాసేపటికి మార్కండేయులు కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని జిల్లా పేజీ తీశాడు. మూడో వార్త హైవే మీద ప్రమాదం. కారును లారీ పక్క నుంచి కొట్టింది. నడిపే కుర్రాడికి పక్కటెముకలు విరిగాయి, ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఈ లారీల వాళ్ళకి లైసెన్సులు ఎవడిస్తున్నాడో గానీ..." అని ఆయన మొదలుపెట్టాడు. కింది వాక్యం చదివేసరికి నోరు ఆగిపోయింది. సీటు లోపల ఉండే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదట. సీటుకు బిగుతుగా కవరు తొడగడమే కారణమని రవాణా శాఖ అధికారి చెప్పాడట.

సీటులో బ్యాగేమిటి? స్టీరింగులో ఉంటుందని విన్నాడు గానీ సీటులో ఉంటుందని ఆయన ఎన్నడూ వినలేదు. ఫోను తీసి వెతికాడు. ఎన్నాళ్ళు చూసినా పనికొచ్చేది ఒక్కటీ చూపించని ఆ ఫోను ఇప్పుడు చక్కగా చూపించింది. సీటు పక్కన చిన్న గుడ్డ చీటీ. దాని మీద అవే ఇంగ్లీషు అక్షరాలు. బొమ్మలో ఒక కారును పక్కనుంచి కొట్టారు. సరిగ్గా ఆ చీటీ ఉన్నచోటే సీటు చీలి, తెల్లటి సంచి ఒకటి బుస్సున పొంగి మనిషికీ తలుపుకీ మధ్య అడ్డం నిలబడింది.

మార్కండేయులు ఆ బొమ్మను మళ్ళీ ఒకసారి చూశాడు. ఆయన గుడ్డ చిరగదు. జీవితమంతా ఆయన గొప్ప అదే. చిన్నప్పటి నుంచీ తెగని నూలు, విడని అంచు, అదే పని. ఆ అంచు తీసుకెళ్ళి కన్నకూతురి ప్రాణం మీద బిగించి కుట్టించాడు.

కూతురికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఆఫీసులో పని ఉంటే ఫోను సైలెంటులో పెడుతుంది, ఆ సంగతి తెలిసిందే. "అమ్మా, కారు తియ్యకు. నేను చెప్పేదాకా తియ్యకు" అని వాట్సాప్‌లో మాట పంపాడు. రెండు గీతలు పడ్డాయి గానీ నీలం కాలేదు.

"ఏమైందండీ? అలా చెమటలు పడుతున్నాయేంటి?" అంటూ చౌడేశ్వరి బయటికొచ్చింది.

"నీ కత్తెరెక్కడుందే?"

కత్తెర సంచిలో వేసుకుని ఆయన రోడ్డెక్కేసరికి హనుమయ్య కారు బయటికి తీస్తున్నాడు. సరుకు కోసం బెజవాడ వెళ్తున్నాడట. మార్కండేయులు వెనక తలుపు తీసి ఎక్కి, మధ్యలో కూర్చున్నాడు.

"ఏం బావా, ముందుకు రాకుండా అక్కడ కూర్చున్నావు? నేనేమన్నా నీ డ్రైవర్నా?"

"ముందుకు రాను. నువ్వూ ఆ సీట్లో కూర్చోకూడదు. దిగు, ఆ కవర్లు కత్తిరించి పారేస్తాను."

హనుమయ్య తెల్లబోయాడు. మార్కండేయులు వార్త చదివి వినిపించాడు. హనుమయ్య మొత్తం విని పకపకా నవ్వాడు.

"నాకు ముందు రెండు బ్యాగులున్నాయి, చాల్లే. పేపరోడు రాశాడని పట్టులాంటి కవర్లు చింపుకుంటానా? మా వియ్యపురాలు చూసి కుళ్ళిపోయింది తెలుసా? వాటి మీద చెయ్యేశావంటే బావవని కూడా చూడను!"

"నీ ఇష్టం. ముందు నన్ను బెంజ్ సర్కిల్ దగ్గర దింపు. తొందరగా. తొందరగా అంటే తొందరపడి కాదు, మెల్లిగా!"

"తొందరగానా, మెల్లిగానా? ఒకటి చెప్పు బావా."

హనుమయ్య కారులో టీవీ అంత తెర ఉంది. దాన్ని పిలిచి "బెంజ్ సర్కిల్‌కి దారి చూపించు" అన్నాడు. లోపలి నుంచి ఎవరో ఆడమనిషి నిదానంగా, రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగమంది. హనుమయ్య తల ఊపి మరీ తిరిగాడు.

"మంగళగిరిలో పుట్టి, తలపండేదాకా పెరిగి, బెజవాడకి దారి ఎవరో పరాయి ఆడమనిషిని అడుగుతున్నావా?" మార్కండేయులు ఉండబట్టలేక అనేశాడు.

"ఉన్నప్పుడు వాడుకోవాలి బావా. అన్నీ డబ్బు పోసి కొన్నాం."

"అదే నేనూ చెప్పేది! ఆ సంచీ కూడా డబ్బు పోసే కొన్నావు."

కుంచనపల్లి దాటేసరికి పక్కన ఒక లారీ హారన్ కొడుతూ దగ్గరగా వచ్చింది. హనుమయ్య మోచేయి తలుపు మీంచి లోపలికి తీసుకోవడం మార్కండేయులు గమనించాడు. కారు వారధి ఎక్కింది, కింద కృష్ణ. ఎప్పుడు దాటినా చిల్లర నాణెం వేసి దణ్ణం పెట్టుకునే మనిషి ఆవేళ ఫోను మీంచి తలెత్తలేదు. గీతలు ఇంకా నీలం కాలేదు.

ఆఫీసు కింద పార్కింగులో చిన్న తెల్ల కారు కనబడగానే ఆయనకు ఊపిరి తిరిగింది. ఇంకా వెళ్ళలేదు, తల్లీ! వాచ్‌మన్ పైకి ఫోను చేస్తే శ్రీదుర్గ లిఫ్టులోంచి పరుగున వచ్చింది.

"నాన్నా! ఏమైంది? అమ్మ బాగానే ఉందా?"

"అందరం బాగానే ఉన్నాం. కారు తాళం తియ్యి."

ఆయన చేతిలో కత్తెర చూసి ఆమె ఆగిపోయింది. ఆయన గబగబా అంతా చెప్పాడు. లారీ, పక్కటెముకలు, చీటీ, తెల్ల సంచీ. చెబుతూ చెబుతూ కూతురి మొహం చూశాడు. ఆ మొహంలో భయం లేదు, ఆశ్చర్యం లేదు. తల మాత్రం దించుకుంది.

"నీకు... తెలుసా?"

ఆమె చేతిలోని తాళం అటూ ఇటూ తిప్పింది.

"తెలుసానే, అడిగేది?"

"షోరూములో చెప్పారు నాన్నా. కారు చేతికిచ్చిన రోజే చెప్పారు, ముందు సీట్లకి కవర్లు తొడగొద్దని."

"మరి నేను నేస్తున్నప్పుడు నోరెందుకు విప్పలేదు?"

"ఎలా చెప్పను?" అంది శ్రీదుర్గ. "అన్నాళ్ళు ఆ ఫోను పట్టుకుని ఒక్క మాటైనా మాట్లాడావా? అమ్మ రోజూ ఏడ్చేది. నువ్వు గుంటలోకి దిగిన రోజు ఇల్లు ఇల్లులా అనిపించింది. అప్పుడొచ్చి ఇది పనికిరాదు నాన్నా, తీసెయ్యమని ఎలా చెప్పను? మెల్లిగా నడుపుతున్నాగా, ఏమవుతుందిలే అనుకున్నాను."

మార్కండేయులుకు ఒళ్ళు మండిపోయింది. కోపం వచ్చిందా, ఏడుపు వచ్చిందా అంటే ఆయనకే తెలియదు.

"రోజూ తెలిసే ఆ సీట్లో కూర్చున్నావా? నన్నేమనుకున్నావే? గాజుబొమ్మననుకున్నావా, ముట్టుకుంటే పగిలిపోతాననుకున్నావా? బాలేదంటే బాధపడతాను. పడనీ! రెండు పూటలు అన్నం మానేస్తాను. మూడో పూట ఆకలేసి నేనే తింటాను. గుడ్డ పోతే ఇంకోటి నేస్తాను. నువ్వు పోతే ఏ మగ్గం మీద నెయ్యనే నిన్ను?"

పార్కింగంతా ఆ అరుపు మోగింది. వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. శ్రీదుర్గ కళ్ళు తుడుచుకుంటూ తాళం తీసింది.

"కత్తిరించకు నాన్నా, కుట్లు విప్పుదాం. జరీ పాడవుతుంది."

"పాడవనీ!"

ఆయన ఒంగి, మోకాలు కలుక్కుమంటున్నా లెక్క చెయ్యకుండా కత్తెర పెట్టాడు. తన చేత్తో నేసిన అంచుకు తన చేత్తో కత్తెర పెట్టడం ఆయన జన్మలో అదే మొదలు. తెగడానికి అది మొండికేసింది. రెండు చేతులతో నొక్కి, జరీతో సహా పైనుంచి కిందిదాకా కోసేశాడు. చీటీ బయటికి వచ్చాక దాన్ని వేలితో సాపు చేసి లేచాడు. రెండో పక్క సీటు కూతురు పట్టుకుంటే కోశాడు.

హనుమయ్య అంతా దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. సరుకుకు ఆలస్యమవుతోందని ఒక్కసారి కూడా అనలేదు. చివరికి దగ్గు తెచ్చుకుని ముందుకు వచ్చాడు.

"బావా, ఆ కత్తెర ఓసారి ఇటివ్వు. మళ్ళీ మా వియ్యపురాలికి మాత్రం చెప్పకు."

ఆ మధ్యాహ్నం శ్రీదుర్గ ఏలూరు వెళ్ళి, పొద్దుగూకకముందే క్షేమంగా ఇంటికొచ్చింది. వీపు కాలిందని గోల పెట్టింది. మార్కండేయులు విని తృప్తిగా తల ఊపాడు.

ఆదివారం తండ్రీ కూతుళ్ళిద్దరూ షోరూముకి వెళ్ళారు. అక్కడి కుర్రాడు వినీల్ ఓపికగా సీటు పక్క భాగమంతా చూపించి, ఇక్కడ గుడ్డ గానీ కుట్టు గానీ నాడా గానీ ఏదీ ఉండకూడదని, వీపు ఆనే చోటా కూర్చునే చోటా మాత్రం పైపైన పరుచుకోవచ్చని చెప్పాడు. మార్కండేయులు ఒకటికి నాలుగుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. "మళ్ళీ ఇంకోసారి చెప్పు నాయనా" అన్నప్పుడు ఆ కుర్రాడే నవ్వి, సుద్దముక్కతో గీసి చూపించాడు.

ఇంటికొచ్చి పని మొదలెట్టాడు. పక్కలకు గుడ్డే రాకూడదంటే అంచు ఎక్కడ పెట్టాలి? రెండు రోజులు బుర్ర గోక్కుని, చివరికి అంచును గుడ్డ నట్టనడుమ నేశాడు. వీధిలో వాళ్ళు కిటికీలోంచి చూసి, మార్కండేయులు గారికి వయసు మీద పడింది, అంచు ఎక్కడుండాలో మర్చిపోయాడు అన్నారు. అననీ. సువార్తమ్మ టీచరుకు ఫోను చేసి, మీ గుడ్డ ఆలస్యమవుతుందమ్మా, ప్రాణం మీదికి తెచ్చేలా కుట్టలేను అని కారణంతో సహా చెప్పాడు. ఆవిడ "చెప్పి మంచి పని చేశారండీ, నిదానంగానే ఇవ్వండి" అంది.

వారం తిరిగేసరికి కొత్త గుడ్డ సిద్ధమైంది. గోధుమరంగు, మధ్యలో సన్నటి జరీ. తెల్లవారే కారు తుడిచి, సీట్ల మీద పరిచి, పక్కల చీటీలు బయటికి కనబడుతున్నాయో లేదో రెండుసార్లు చూసి, కూతుర్ని పిలిచాడు. చౌడేశ్వరి కూడా కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాడు మార్కండేయులు.

శ్రీదుర్గ అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది. సీట్లో కూర్చుని, లేచి, వెనక్కి జరిగి మళ్ళీ చూసింది.

"నేత బాగుంది నాన్నా. కూర్చుంటే హాయిగా ఉంది" అంది. తర్వాత తండ్రి కళ్ళలోకి చూస్తూ అంది: "రంగే ఏం బాలేదు. ముసలాళ్ళ రంగు."

గుమ్మంలో చౌడేశ్వరి నాలుక కరుచుకుంది. మార్కండేయులు కూతురి వంక చూశాడు. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు పక్కింట్లో పేపరు చదువుకుంటున్న హనుమయ్య తలెత్తాడు.

"అదీ! అలా చెప్పు!" అన్నాడు మార్కండేయులు. గుడ్డ చేతిలోకి తీసుకుని, కూతుర్ని మళ్ళీ కారెక్కించి, ఏ రంగు కావాలో అడుగుతూ ఆమె పక్కన సీట్లో కూర్చున్నాడు.